చదవకుండా తిరిగిచ్చిన అధ్యాయం

నేనెప్పుడో రాసిన గోడౌన్ ప్రోగ్రామ్‌ను ఈ నెలతో ఆపేస్తున్నారని పాత సహోద్యోగి మొన్న ఫోన్ చేసి చెప్పాడు.

సివిల్ ఇంజనీరింగ్ పట్టాతో అమెరికాలోని ఇర్వింగ్ వచ్చి, ప్రోగ్రామింగ్ అంతా లైబ్రరీ బల్లల దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. ఏ పెట్టె ఏ ట్రక్కులోకి వెళ్ళాలో తేల్చే ఆ ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో ఉండేది. చిన్న నియమం మారినా మొత్తం మళ్ళీ కంపైల్ చేసి, పని ఆపి, కొత్తది పెట్టాలి. దాని లోపల ఒక చిన్న స్క్రిప్ట్ భాషను కూర్చోబెడితే నియమాలు విడి ఫైల్లో ఉంటాయనీ, గోడౌన్ వాళ్ళే మార్చుకోవచ్చనీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక లావుపాటి పుస్తకంలో చదివి, నోట్సు రాసుకుని మరీ ఆ పని చేశాను. చివరి అధ్యాయం మిగిలుండగా గడువు తీరింది. వేరెవరో ఆ పుస్తకం తమకు కావాలని హోల్డ్ పెట్టారు కాబట్టి రెన్యూ చేయడం కుదరదన్నారు. ఏముందిలే అనుకుని ఇచ్చేశాను.

నా బల్లమీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్ గోడౌన్‌లో రోజూ మధ్యాహ్నానికల్లా ఆగిపోయేది. గుంటూరు నుంచి వచ్చిన మా మేనేజర్ మెల్లగానే అన్నారు: “సోమవారం దాకా చూస్తానయ్యా. మళ్ళీ క్రాష్ అయితే కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేయడం నా చేతుల్లో లేదు.” కాంట్రాక్ట్ పోతే నా వీసా కూడా పోతుందని ఇద్దరికీ తెలుసు.

శనివారం లైబ్రరీకి పరుగెత్తాను. ఆ పుస్తకం ఒకావిడ ముందు తెరిచి ఉంది. ఆవిడ నోట్సులో తెలుగక్షరాలు చూసి పలకరించి, నా కష్టం చెప్పుకున్నాను. వరంగల్ ఆవిడ, భర్త వీసా మీద వచ్చింది కనుక ఉద్యోగం చేసే అనుమతి లేదు, రోజూ వచ్చి చదువుకునేది.

“లాస్ట్ చాప్టర్ చదవకుండ ఎట్ల రిటర్న్ చేసిన్రన్నా?” అని నవ్వింది. స్క్రిప్టును పిలిచిన ప్రతిసారీ దాని జవాబు ఒక దొంతర మీదికి చేరుతుందట, వాడుకున్నాక మనమే తీసేయాలట, లేకపోతే అది నిండిపోయి ప్రోగ్రామ్ ఆగిపోతుందట. “తిన్న విస్తళ్ళు ఎత్తకుండ కొత్త పంక్తిని కూసోబెడ్తున్నరు మీరు!” నా నోట్‌బుక్‌లో తనే ఆ ఒక్క లైను రాసిచ్చింది.

సోమవారం సాయంత్రం దాకా ప్రోగ్రామ్ ఆగలేదు. కాంట్రాక్ట్ నిలిచింది. తర్వాతి శనివారం వెళ్ళి చెబితే, “అయితే నా లైనన్న యాడనో డ్యూటీ చేస్తున్నదన్నట్టు” అంది.

ఇప్పుడు ఆవిడలా భర్త వీసా మీద వచ్చినవాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసే అనుమతి దొరుకుతోంది. నా సందేహాలకు జవాబులు క్షణంలో తెరమీదికొస్తున్నాయి. అవి ఎవరు రాసినవో, వాళ్ళకు ఉద్యోగం ఉందో లేదో మాత్రం నాకు తెలియడం లేదు.