హన్నా నారు మీద దీపం

సూరారంలో హన్నా పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గాని, వాళ్ల చర్చికి వచ్చేవాళ్ల ఇళ్లలో ఆమె ఇచ్చిన నారు లేని డాబా మాత్రం లేదు. పగలంతా మందుల ఫ్యాక్టరీలో సీసాలు ప్యాక్ చేసే పని. ఇంటికి రాగానే కొంగు దోపి, పాత పెరుగు డబ్బాల్లో టమాట, వంకాయ, మిరప విత్తనాలు వేసేది. మొలిచిన నారును ఆదివారం చర్చి దగ్గర పంచేది. "సచ్చిపోయిందని మళ్ల నా దగ్గరికి రావొద్దు" అని బెదిరించేది గాని, వస్తే మళ్లీ ఇచ్చేది.

ఈ ఏడాది ఎదుటి జాగాలో మేడ లేచింది. హన్నా కిటికీలోకి ఎండ రావడం మానేసింది. మొలకలు వెలుతురు కోసం మెడలు సాచి, దారాల్లా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. హన్నాకు అన్నం సయించలేదు.

భర్త ఎలీషా వెల్డింగ్ పని చేస్తాడు. ఆమె దిగులు చూడలేక పాత సామాన్ల దుకాణం నుంచి ఒక గాజు ట్యూబు పట్టుకొచ్చాడు.

"నీలం లైటంట హన్నా. మొక్కలు మస్తు పెరుగుతయంట."

"ఎవలు జెప్పిండ్రు?"

"అమ్మినోడే."

మర్నాడు సెలవు. హన్నా ఆ ట్యూబు వెలిగించుకుని, దాని పక్కనే కూర్చుని, కూనిరాగం తీస్తూ పొద్దున్నంతా నారు సర్దింది. సాయంత్రానికి కళ్లలో కారం చల్లినట్టు మంట. ముఖం ఎర్రగా కందిపోయింది. ఎలీషా ఆమె కళ్లు చూసి ఉలిక్కిపడ్డాడు. పని నేర్చుకునే రోజుల్లో ఆ మంట తనూ పడ్డవాడే.

"ఓ దేవా! గిది వెల్డింగ్ మంట కొట్టినట్టే ఉన్నది!"

పరుగున వెళ్లి వెల్డింగ్ మాస్కు తగిలించుకుని, యుద్ధానికి పోతున్నట్టు గదిలోకి వెళ్లి స్విచ్చి ఆపాడు. అంత మంటలోనూ హన్నాకు నవ్వాగలేదు.

కంటి డాక్టరమ్మ చుక్కల మందిచ్చి, ఎలీషా వెంట తెచ్చిన ట్యూబు చూసి, అది నీళ్ల మిషన్లలో క్రిములను చంపే ట్యూబనీ, మూసిన పెట్టెలోనే వెలగాలనీ చెప్పింది. కళ్లు తొందరగానే నెమ్మదించాయి. నారు మాత్రం నిప్పుసెగ తగిలినట్టు మాడింది.

"క్రిములను సంపే లైటు కింద నా నారును వెట్టినవా అయ్యా!"

ఎలీషా తల దించుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి మేడ్చల్‌లో ప్రవీణ్ కరెంటు సామాన్ల షాపుకు వెళ్లారు. ప్రవీణ్ ముందుగా వంగపండు రంగు లైటు తీశాడు.

"గిది మొక్కలదే అక్కా."

"గా రంగుల ఆకు పచ్చగున్నదో, పండువారిందో ఎట్ల కనవడతది తమ్మీ? తెల్లది తియ్యి."

తెల్ల ఎల్ఈడీ లైట్లు బల్ల మీదికి వచ్చాయి. హన్నా ఒక్కోదాన్ని తిప్పి తిప్పి చూసింది. నాణ్యత ముద్ర ఉందా? బల్బుల మీద మూత ఉందా? తడి తగిలితే తట్టుకుంటుందా? ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయా? చివరికి ఒకటి వెలిగించమని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంకేందక్కా?"

"ఎంత కాగుతదో సూడాలె గద."

ప్రవీణ్ నవ్వుతూ చాయ్ తెప్పించాడు. చాయ్ తాగాక హన్నా లైటు వీపు మీద అరచెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. "ఇగ గిదే" అంది.

ఎలీషా ఇనుప స్టాండు వెల్డింగ్ చేశాడు. మొక్కలు ఎదిగేకొద్దీ లైటును పైకి లేపేలా గొలుసులు కట్టాడు. వైరు మీద జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా, వైరును ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదిలాడు. హన్నా స్విచ్చి ఆపనిదే నీళ్లు పొయ్యదు. రాత్రుళ్లు వెలగనివ్వదు. "అవి గూడ పండుకోవాలె" అంటుంది.

ఈసారి మొలకలు పొట్టిగా, కాండం బలిసి, ముదురాకుపచ్చగా నిలబడ్డాయి. హన్నా ఒక పెద్ద ట్రే నింపి ఒళ్లో పెట్టుకుని, అలియాబాద్‌లో ఉన్న అక్క సుందరమ్మ కోసం బస్సెక్కింది. పక్క సీటామె వంగి చూసి మిరప నారు అడిగింది. వెనకామె వంకాయ అడిగింది. కండక్టరమ్మ టికెట్ కొడుతూనే రెండు టమాట మొక్కలు తీసుకుంది.

అలియాబాద్‌లో సుందరమ్మ సగం ఖాళీ ట్రే చూసి ముక్కున వేలేసుకుంది.

"గింతేనా తెచ్చింది?"

"నింపుకొనే బయలెల్లిన అక్కా," అంది హన్నా, చెప్పులు విడుస్తూ. "బస్సే మస్తు మెల్లగ నడిసింది."