అర్బాబు ఇంటి నకలు

తెలంగాణ కోసం రోడ్లు బంద్ పెట్టిన ఆ రోజుల్లో నేను కోరుట్లలో ఇళ్ళ ప్లాన్లు గీసేవాణ్ణి. పొద్దున మా ఊళ్ళవాళ్ళంతా నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యి పెట్టి వంటావార్పు చేస్తూ, మన బతుకు వేరు, మన తీరు వేరు అని గొంతులు చించుకునేవారు. సాయంత్రం అదే గొంతులతో నా దుకాణానికి వచ్చి, "ఎలివేషను మాత్రం హైదరాబాదు లెక్క కొట్టాలె సారూ" అనేవారు. ముందు లావుపాటి స్తంభాలు, వాటి నెత్తిన సిమెంటు పూలు, నీలం అద్దాలు, వెనక గాలి దూరని గదులు. పైన పటారం, లోన లొటారం. సిరిసిల్లలో ఒకాయన మరమగ్గాల షెడ్డుకు కూడా అద్దాల ముఖం పెట్టించాడు. లోపల మగ్గం నడిపేవాళ్ళు ఉడికిపోతుంటే ఆయన బయట నిలబడి ఫోటోలు దిగాడు. వీళ్ళందరినీ చూస్తే నాకు ఒళ్ళుమంట. అయినా గీసేవాణ్ణి, గీయకపోతే పక్క దుకాణంవాడు గీస్తాడు.

ఈ ఎలివేషన్ పిచ్చోళ్ళలో అందరినీ తలదన్నినవాడు మా సొంత బావ.

మా అక్కను కోరుట్లకు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం ఇచ్చాం. బావ దుబాయిలో ఒకరింట్లో డ్రైవరు. ఇక్కడ వాళ్ళది తాతల నాటి భవంతి ఇల్లు. నాలుగు వైపులా పెంకుల వసారా, నడుమ ఆకాశం, టేకు స్తంభాలు, దర్వాజకు రెండు పక్కలా అరుగులు. అక్క బీడీలు చేసేది. మధ్యాహ్నమైతే వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు పట్టుకుని ఆ అరుగుల మీదికి చేరేవారు. ఆకు కత్తిరించడం, చుట్టడం, నవ్వులు, తగువులు, అన్నీ అక్కడే. ఒకామెకు జ్వరమొస్తే ఆమె ఆకు మిగతావాళ్ళు పంచుకుని చుట్టేవాళ్ళు. ఒకామె మొగుడు గల్ఫ్ నుంచి ఫోను చేయకపోతే ఆమె తరఫున అందరూ కలిసి వాణ్ణి తిట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి మొగుడు దగ్గర లేని అక్కకు ఆ అరుగులే తోడు.

ఒకరోజు బావ ఫోను చేశాడు.

"బామ్మర్దీ, ఇల్లు రినోవేషన్ చేపిద్దాం. అచ్చం మా అర్బాబు విల్లా లెక్కనే ఉండాలె."

అర్బాబు అంటే అక్కడ అతని యజమాని. రినోవేషన్ అంటే పెంకులు మార్చి, గోడలు బాగుచేసి, ఒక బాత్రూము కట్టడం అనుకున్నాను. బావ లెక్కలో రినోవేషన్ అంటే పాత ఇంటి ఆనవాలు మిగలకుండా చేయడం. అక్క మాత్రం నన్ను ఒకటే అడిగింది.

"అరుగు ఉంచుమను తమ్మీ. నాకింకేం వద్దు."

ఆ మాటే బావకు చెప్పాను.

"విల్లాకు అరుగుంటదారా? బయటోనికి మనిల్లు కనవడద్దు. పెద్ద గోడ లేపు!" అన్నాడు.

సెలవు మీద వస్తున్న ఊరివాడి చేత మెమొరీ కార్డులో ఫోటోలు పంపాడు. గేటు, గోడ, స్తంభాలు, పైన గుమ్మటం, ముందు ఖర్జూరపు చెట్టు. అన్నీ బయటినుంచే. లోపల ఎన్ని గదులు, మెట్లు ఎక్కడ, వంటిల్లు ఏ మూల అని అడిగితే, "మస్తుంటది. ఇంజనీరు చదివినోనివి, గంత తెల్వదా?" అని నన్నే ఎగతాళి చేశాడు. ఒక్క గది సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు. గేటు పక్కన డ్రైవరు గది. మంచం ఏ గోడకు ఉండాలి, కిటికీ ఎంత ఎత్తు, చొక్కా తగిలించే చిలక్కొయ్య ఎక్కడ, అన్నీ. కింద బండలు కూడా వద్దు, ఉత్త గచ్చు చాలన్నాడు. సైకిలు కూడా లేని ఇంటికి డ్రైవరు గది! పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వాను.

పని మొదలైంది. బందుల పేరుతో సిమెంటు లారీని ఊరి పొలిమేరలోనే ఆపేశారు. టేకు స్తంభాలను మాత్రం జగిత్యాల వ్యాపారి కొని లారీకెత్తుకుని పోతుంటే, అడ్డంగా కూర్చున్నవాళ్ళే లేచి దారి ఇచ్చారు. అవి హైదరాబాదులో ఏదో పెద్ద హోటలుకు చేరాయట. తెలంగాణ సంప్రదాయం అని వాటికి లైట్లు పెట్టారట. థూ అనిపించింది.

ఇల్లు పూర్తయింది. హాల్లో బండలు మొహం కనిపించేలా మెరిశాయి. అద్దాల కిటికీలు తెరుచుకోవు, కరెంటు ఉండదు. లోపల కూర్చుంటే తంబాకు ఘాటుకు దగ్గు తప్ప ఇంకేమీ లేదు. వాడకట్టు ఆడవాళ్ళు ఒకసారి వచ్చారు. గేటు బయటే చెప్పులు విడిచి, చాటలు చంకలో పెట్టుకుని, ఎక్కడ కూర్చుంటే ఏం మరకపడుతుందోనని నిలబడే మాట్లాడి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఇంకొకరి వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. అక్క పిలిస్తే, "నీది బంగ్లా అయిపాయె" అన్నారు. చివరికి అక్క ఆ డ్రైవరు గదిలో గచ్చు మీద చాట పెట్టుకుని ఒక్కతే బీడీలు చుట్టుకునేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె మునుపటిలా మాట్లాడేది కాదు. ఆ మూగతనం చూసి బావను మనసులో బండబూతులు తిట్టేవాణ్ణి.

బావ సెలవు మీద వచ్చాడు. నాలుగు దులిపేద్దామని నేనూ కోరుట్ల నుంచి వెళ్ళాను. అతను ఇంటి చుట్టూ తిరిగి స్తంభాలు తడిమి మురిసిపోయాడు. హాల్లోకి మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని, గోడ వారగా నడిచాడు. అక్క టేబులు మీద అన్నం పెడితే, కంచం ఎత్తుకుని నేరుగా గేటు పక్క గదికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. అక్క వెళ్ళి కింద తన చాట ముందు కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"గంత పెద్ద హాలు కట్టిపిచ్చి గీడ తింటున్నవేంది బావా? అర్బాబు కోప్పడతడా?" అన్నాను, వెటకారంగానే.

అతను కంచంలోంచి తల ఎత్తలేదు.

"నాకు గిదే అలవాటు బామ్మర్దీ. గన్నేండ్లల్ల నేనున్నది గీ అసొంటి రూములనే. లోపటికి ఒక్కనాడు రానియ్యలె. గా అర్రలు ఎట్లుంటయో నాకేం ఎరుక?"

దుకాణంలో నేను నవ్విన నవ్వంతా గుర్తొచ్చింది. బావ మీద జాలి కలిగింది, జాలి కలిగినందుకు మళ్ళీ కోపం వచ్చింది. అంతలో అక్క చేతిలోని బీడీకి దారం చుట్టడం ఆపింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు పెద్దగా వినడం అదే.

"నిన్ను కడప దాటనియ్యనోని ఇల్లు తెచ్చి ఈడ కట్టి, నా వాడకట్టోళ్ళను నా కడప దాటకుంట జేసినవా?"