మాయమైన మూడు కిలోమీటరు రాళ్లు

ఆ మధ్యాహ్నం నేను పోగొట్టుకున్నవి మూడు కిలోమీటరు రాళ్లు, పావుగంట సమయం, ఎనిమిది మంది ముందు నా పరువు.

బోధన్ నుంచి నిజామాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాను. కునుకు రాకుండా రోడ్డు పక్క రాళ్ల మీది అంకెలు చదువుకుంటూ పోవడం అలవాటు. ఆ రోజు పదహారు తర్వాత ఏకంగా పన్నెండు కనిపించింది. బ్రేకు వేశాను.

“నడుమ మూడు రాళ్లు ఎవరో పీకేసిండ్రు!” అంటూ ఆటోను వెనక్కి తిప్పాను.

పసుపు అమ్మడానికి వెళ్తున్న రెంజల్ అవ్వ ఒక్కో రాయి రాగానే వేలు పెట్టి చూపించింది. “గిదొకటి. గిదొకటి. గిదిగో, మూడోది. రాళ్లు యాడికి పోలే బిడ్డా, నువ్వే పోయినవ్. కండ్లు తెరిచే ఉన్నవ్, రెండుసార్లు పిలిస్తే పలకలే!”

అందరూ ఒకటే నవ్వు. నేను బండి పక్కకు ఆపాను. “మరి గంత దూరం బండి ఎవలు నడిపిండ్రు అవ్వా?”

“గా దేవుడే నడిపిండు. ఆయనను దిగుమను, మొఖం కడుక్కొని నువ్వు నడుపు!”

మర్నాడే కంటి డాక్టరును కలిశాను. కళ్లద్దాలు రాసి, “మీరు కళ్లు తెరిచే నిద్రపోయారు. ముందు సరిగ్గా పడుకోండి” అన్నారు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇరవై ఏళ్లుగా రోజుకు రెండు గంటల నిద్ర ఎగ్గొట్టాను. లీపు రోజులు వదిలేస్తే పద్నాలుగు వేల ఆరు వందల గంటలు. నెల రోజులుగా సరిపడా నిద్ర మీద రోజుకో గంట ఎక్కువ పడుకుని తీరుస్తున్నాను. నా కళ్లకు ఇంకా బాకీ పద్నాలుగు వేల అయిదు వందల డెబ్బై గంటలు.