ఉరియం కుదించిన సముద్రం

మా దీవి కౌన్సిల్ ఆఫీసులో నా బల్ల పక్క బల్ల ఉరియంది. నేను టైపు కొడతాను, అతను కంప్యూటరు చూసుకుంటాడు. అతనికి జీతం ఇచ్చేది దేనికో గానీ, ఊళ్లోవాళ్లకి అతనితో ఉన్న పని ఒక్కటే, ఫోటోలు చిన్నవి చేయించుకోవడం. మా ఇంటర్నెట్ ఆకాశంలోని ఉపగ్రహం దయ. బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటో రాజధాని తరావాలో ఉన్న చుట్టాలకి పంపాలంటే పొద్దుగూకేదాకా కాచుకు కూర్చోవాలి. ఉరియం చేతిలో పెడితే ఇట్టే వెళ్లిపోయేది.

"ఏం మాయ చేస్తావురా?" అని ఒకసారి అడిగాను.

"మాయా లేదు, మన్నూ లేదక్కా. మనవాళ్ల ఏ ఫోటోలో చూసినా సగం సముద్రమే. ప్రతి చుక్కకీ నీలం, నీలం అని రాసుకుంటూ పోవడం దేనికి? ఇక్కణ్ణించి అక్కడిదాకా నీలమే అని ఒక్క ముక్క రాస్తే చాలు. విప్పినప్పుడు మళ్లీ మొత్తం పరుచుకుంటుంది."

"మా అత్త కూడా అంతే. వారం తిట్లన్నీ 'నీదెప్పుడూ ఇదే వరస' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది."

నవ్వాడు. "అదీ చాలకపోతే ఇంకో పద్ధతుంది. కంటికి ఆనని చిన్న చిన్న తేడాల్ని చెరిపేసి పక్కవాటిలో కలిపేస్తుంది. బాగా చిన్నదైపోతుంది. కాకపోతే చెరిపింది మళ్లీ రాదు. పిండేసిన కొబ్బరిలోకి పాలు తిరిగొస్తాయా?"

ఆ ఏడాదే ఉరియం తమ్ముడు తెబావో చేపలవేటకని ఒక్కడే పడవలో వెళ్లి తిరిగి రాలేదు. గాలి చచ్చిపోయి సముద్రం నూనె పోసినట్టుంది. ఇంజను ఆగిపోతే పడవ ప్రవాహం ఎటు లాగితే అటే. గాలింపు విమానం వచ్చి, నీళ్ల మీద తిరిగి ఫోటోలు తీసి, మా రన్‌వే మీద దిగింది. ఆ ఫోటోలు దూరదేశంలోని గాలింపు ఆఫీసుకి వెళ్లాలి. విమానం మర్నాడు ఎటు వెళ్లాలో చెప్పేది వాళ్లే.

"చీకటి పడేలోగా అన్నీ అందాలి. చిన్నవి చేసి పంపెయ్," అని పైలట్ కెమెరాలోని కార్డు తీసి ఉరియం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మామూలుగా కుదిస్తే సరిపోలేదు. చెరిపేసే పద్ధతి పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. సముద్రం ఎంత ఖాళీగా ఉంటే ఫోటో అంత చిన్నదవుతుంది. ఒకదాని వెనక ఒకటి అన్నీ చిన్నవే అవుతున్నాయి. ఎప్పుడూ ఈలవేస్తూ చేసే పని. ఆ రోజు ఈల లేదు.

"ఇంత తేలిగ్గా కుంచించుకుపోకూడదక్కా," అన్నాడు. "ఏదైనా ఉంటే మొరాయించాలి."

వాళ్లమ్మ నేయ్ రోటియా గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. మావైపు చూడటం లేదు.

పొద్దున్నే జవాబు వచ్చింది. ఫోటోల్లో ఏమీ కనబడలేదు, విమానాన్ని ఉత్తరానికి పంపుతున్నాం అని. ఉరియం కుర్చీలోంచి లేవలేదు. పంపిన ఫోటోల సైజులు మళ్లీ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. ఆ ఒక్కటీ మిగతావాటికంటే రవ్వంత పెద్దది. నిన్నటి హడావిడిలో కంటబడలేదు.

కుదించిన ఫోటో తెరిచాడు. అంతా నీలం, మధ్యలో నురగలాంటి మసక. కార్డులోని అసలు ఫోటో తెరిచి పెద్దది చేశాడు. పడవ. అందులో నిలబడి చెయ్యి పైకెత్తిన మనిషి.

"పిలుస్తున్నాడక్కా. నేను చెరిపేశాను."

"నోర్ముయ్. నువ్వు కాదు, ఈ దిక్కుమాలిన ఇంటర్నెట్," అని అరిచాను. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలీదు.

పడవ కనబడిందని వెంటనే రాస్తే, ఫోటో చూస్తేగానీ విమానాన్ని తిప్పలేమన్నారు. ఆ ఫోటోని కుదించకుండా పంపాడు. ఇంటర్నెట్ దానికొక్కదానికే దక్కాలని పెద్దలు ఊళ్లో ఫోన్లన్నీ ఆపించారు. అయినా అది వెళ్లేసరికి పొద్దు వాలింది. అప్పటికి విమానం ఎక్కడో ఉత్తరాన ఉంది. మర్నాడు వెనక్కి వచ్చి, ప్రవాహం లెక్కకట్టి వెతికితే పడవ దొరికింది. అందులో ఎవరూ లేరు.

ఉరియం ఇప్పటికీ ఊళ్లోవాళ్ల ఫోటోలు చిన్నవి చేస్తాడు. సముద్రం ఉన్నవి మాత్రం ముట్టుకోడు. మా దీవిలో సముద్రం లేని ఫోటోలెన్ని ఉంటాయి?

ఒకరోజు నేయ్ రోటియా తన పాత ఫోను పట్టుకొచ్చింది. "ఆ ఫోటో ఇందులో పెట్టరా నాయనా."

"పట్టదమ్మా. చాలా పెద్దది."

"అందరివీ చిన్నవి చేశావుగా. నాకూ చేసిపెట్టు."

"చేస్తే తమ్ముడు కనబడడమ్మా." తల ఎత్తకుండానే అన్నాడు. "పోనీ, చుట్టూ ఉన్న నీళ్లు కత్తిరించేసి వాణ్ణి ఒక్కణ్ణే ఇస్తాను. అదైతే పడుతుంది."

ఆవిడ తెర మీదికి వంగి చూసింది.

"నీళ్లు తియ్యకురా. వాడు ఉన్నది అందులోనేగా."

ఇప్పుడు రోజూ పొద్దున్నే చాప తెచ్చుకుని ఉరియం బల్ల పక్కన కూర్చుంటుంది. అతను ఆ ఫోటో తెరిచిపెట్టి, ఆవిడ లేచి వెళ్లేదాకా వేరే పని ముట్టుకోడు.