మావయ్యగారూ నేనూ కలిసి మింగిన మందులు

మొన్న పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషను చేయించుకుందామని ఆసుపత్రికి వెళ్తే, ముందుగా ఛాతీకి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. కంప్యూటరు తెరమీద ఆ బొమ్మ చూస్తూ, మా అమ్మాయికంటే చిన్నదిగా ఉన్న డాక్టరమ్మ నా కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక తెల్లమచ్చ దగ్గర వేలు ఆపి, పక్క కుర్చీల్లో వాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించి, ఎప్పుడైనా టీబీ వచ్చిందా ఆంటీ అని హిందీలో అడిగింది. వచ్చిందమ్మా, ముప్పయ్యేళ్ళు కావస్తోంది, మందులు పూర్తిగా వాడాను, తగ్గిపోయింది అని నేను మామూలు గొంతుతోనే చెప్పాను. పాత మచ్చే, భయం లేదని ఆ పిల్ల కాగితం మీద రాసి ఇచ్చేసింది. ఆటోలో ఇంటికి వస్తూంటే నాకు ఆపరేషను సంగతి గుర్తు రాలేదు. మా పాత క్వార్టరు వరండా, అందులో ఆ చివర ఒక స్టూలు మీద మావయ్యగారు, ఈ చివర పీట మీద నేను, ఇద్దరి చేతుల్లోనూ మందులు, అదే కళ్ళముందు ఆడింది.

తొంభైల మొదట్లో పెళ్ళయి, చీపురుపల్లి దగ్గర మా పల్లెటూరి నుంచి భిలాయి వచ్చాను. మా ఆయనకి ప్లాంటులో రోలింగ్ మిల్లులో ఉద్యోగం, రుఆబాంధాలో రెండు గదుల క్వార్టరు. మావయ్యగారు అదే ప్లాంటులో, బొగ్గుని కాల్చి కోకుగా మార్చే బట్టీల దగ్గర ముప్పయ్యేళ్ళు పనిచేసి, నేను కాపరానికొచ్చిన ఏడే రిటైరయ్యారు. పొడుగాటి మనిషి, గుబురు మీసం, మాట తక్కువ. నాతోనైతే అసలు మాటే లేదు. ఆయనకి మంచినీళ్ళు కావాలంటే అత్తగారితో చెప్పేవారు, అత్తగారు నాతో చెప్పేవారు, ముగ్గురమూ ఒకే గదిలో ఉన్నా సరే. ఆయన వరండాలోకి వస్తే నేను లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అందులో కోపాలూ తాపాలూ ఏమీ లేవు, మా వైపు పద్ధతి అది. మన తరం కోడళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆయనకి దగ్గు ఉండేది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి గంటసేపు తెరలు తెరలుగా దగ్గి, తర్వాత సర్దుకునేది. ఎవరైనా అడిగితే, "బట్టీల పొగ ముప్పయ్యేళ్ళు మింగినాను, అది ఊరికినే పోద్దేటి" అనేవారు. మేమందరం అదే నమ్మాం. మా క్వార్టర్ల లైనులో సగం మంది మగవాళ్ళకి అలాంటి దగ్గే ఉండేది మరి. వేరే మాట ఎవరికి తోస్తుంది?

మా పాప పుట్టిన ఏడు చలి బాగా ముదిరింది. పాపకి నాలుగైదు నెలలుంటాయి. చలిగాలి రాకుండా కిటికీలన్నీ బిగించేసి, సందుల్లో పాత గుడ్డలు దూర్చి, ముందుగదిలో సిగిడీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టుకుని సాయంత్రం నుంచీ అందరం దాని చుట్టూ చేరేవాళ్ళం. పాపని మావయ్యగారు ఒళ్ళో పడుకోబెట్టుకుని కాళ్ళు కాచేవారు. ఆయన నోట పాటలాంటిది నేను విన్నది అప్పుడే, అదీ తలుపు వెనకాల నుంచి. ఎంత హాయిగా ఉండేదో ఆ గది! ఆ హాయిలోనే జబ్బు ఒకరి ఊపిరి నుంచి ఒకరి ఊపిరిలోకి నడిచి వస్తోందని మాకేం తెలుసు.

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు సాయంకాలం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఆకలి లేదు, జాకెట్లు వదులైపోయాయి, దగ్గు పట్టుకుని వదల్లేదు. బాలింత నీరసం అని అత్తగారు మిరియాల కషాయం కాచి ఇచ్చేవారు. నెల దాటింది. ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ దగ్గి ఉమ్మితే అందులో ఎర్రటి చార కనబడింది. నేను కాలితో మట్టి కప్పేశాను గానీ, గోడకి అవతల పక్క క్వార్టరు దీదీ చూసేసింది. ఛత్తీస్‌గఢీ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. గోడ మీంచే, "యే క్యా హై బహన్? చల్, అభీ చల్" అని గదమాయించి, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగనివ్వకుండా, పాపని అత్తగారికి అప్పగించి నన్ను రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఎక్స్‌రేలూ, కళ్ళె పరీక్షలూ అయి రిపోర్టులు వచ్చిన రోజున డాక్టరుగారు ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. తల నెరిసిన బెంగాలీ ఆయన. టీబీ అన్న మాట వినగానే అత్తగారు కుర్చీలో కూలబడి, "ఓలమ్మో, గుంటకి పాలెలాగ" అన్నారు. నా గుండెల్లో ఉన్న మాట కూడా అదే. నా గురించి నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం, కానీ నా పాలల్లోంచి పాపకి ఆ పురుగు వెళ్ళిపోయి ఉంటుందేమో అన్నదే అసలు భయం.

డాక్టరుగారు తొందరపడకుండా, హిందీలో, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. ఈ పురుగు పాలల్లో రాదు, కంచాల్లో రాదు, గ్లాసుల్లో రాదు, దగ్గినప్పుడు తుంపరల్లో బయటికొచ్చి, మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటుంది, ఆ గాలి పీల్చినవాళ్ళలోకి వెళ్తుంది, ఎండా గాలీ తగిలితే చచ్చిపోతుంది అన్నారు. పాపకి నేనే పాలివ్వాలి, ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకోవాలి, పాపకి ముందుజాగ్రత్తగా కొన్ని నెలలు మందు వెయ్యాలి అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నా ఏడుపు అయ్యేదాకా ఊరుకున్నారు. ఆ ఓపిక్కి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

తర్వాత ఆయన తలెత్తి, ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారు అని అడిగారు. మా ఆయన నేల చూపులు చూశారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మావయ్యగారు ఒక్క అడుగు ముందుకు వేసి, "మై, సాబ్" అన్నారు.

ఆయన కళ్ళెలో నాకంటే ఎక్కువ పురుగులున్నాయి. ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. మన ఒంట్లో కాపలావాళ్ళలాంటి కణాలుంటాయనీ, అవి ఈ పురుగుని చుట్టుముట్టి, చుట్టూ గోడలాంటిది కట్టి బంధిస్తాయనీ, ఎంతోమందిలో అది అలాగే జీవితాంతం నిద్రపోతుందనీ, ఒంట్లో బలం తగ్గినప్పుడు గోడ బీటలు వారి బయటికొస్తుందనీ డాక్టరుగారు వివరించారు. కాన్పు తర్వాత నాకు జరిగింది అదే కావచ్చన్నారు. సాయంకాలం జ్వరం కూడా ఒంటి పోరాటమేనట, ఇన్నాళ్ళూ నీ ఒళ్ళు ఒంటరిగా కొట్లాడుతోంది, ఇప్పుడు మందు తోడిస్తున్నాం అన్నారు. మావయ్యగారు అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, తన దగ్గర్నుంచే కోడలికి వచ్చిందా అని. అయ్యుండొచ్చు, కానీ ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నారాయన. మొదటి సగమే మావయ్యగారి చెవికెక్కింది.

ఇంటికి రాగానే ఆయన తన మంచం తనే మోసుకెళ్ళి వరండాలో వేసుకున్నారు. అత్తగారు కిటికీలన్నీ బార్లా తెరిచారు, సందుల్లో గుడ్డలు పీకి తగలేశారు. లైనులో వాళ్ళు మెల్లిగా రావడం మానేశారు. వాళ్ళని తప్పుపట్టను, చిన్నపిల్లలున్న ఇళ్ళు, భయం ఉంటుంది. దీదీ మాత్రం రోజూ వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, మా ఇంటి గ్లాసులోనే టీ తాగి, లైనంతా చూసేలా ఆ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళేది. పాపని మూడుపూటలా తన ఇంట్లో ఆడించేది. ఆవిడ నోటితో ధైర్యం చెప్పిన రోజు ఒక్కటీ గుర్తు లేదు.

పొద్దున్నే పరగడుపున మందులు. నాకూ ఆయనకీ ఒకే రకం మాత్రలు, ఎర్రటి గొట్టాలు, అంటే క్యాప్సూళ్ళు. ఇద్దరినీ కళ్ళముందు కూర్చోబెట్టుకుని మింగించే పని అత్తగారిది. ఏది ముందు ఏది తర్వాత అని ఆవిడకి చదువు లేకపోయినా రంగుల లెక్కన కంఠతా వచ్చేసింది. అలా పెళ్ళయిన నాలుగేళ్ళకి మొదటిసారి నేను మావయ్యగారి ఎదుట కూర్చున్నాను. తలొంచుకునే ఉండేదాన్నిలెండి. నెల తిరిగేసరికి నా జ్వరం తగ్గింది, అన్నం రుచి తెలిసింది. ఇంక ఆయన దగ్గర్నుంచి ప్రమాదం లేదని డాక్టరుగారు చెప్పినా, మావయ్యగారు పాపని ముట్టుకోలేదు. అది పాక్కుంటూ వరండాలోకి వస్తే, లేచి వీధిలోకి నడిచిపోయేవారు.

వేసవి మొదలయ్యాక ఒకరోజు వరండాలో బంతిమొక్క కుండీ మట్టి గుల్ల చేస్తూంటే వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే సగం కరిగిన ఎర్ర గొట్టం. ఇంకా తవ్వితే మరో నాలుగైదు, మాత్రలు కూడా. నాకు ఒక్క క్షణంలో అర్థమైంది, ఆయన మందు బుగ్గన పెట్టుకుని, నీళ్ళు తాగినట్టు చేసి, అత్తగారు అటు తిరగ్గానే కుండీలో పాతేస్తున్నారు. మధ్యలో మానేస్తే బలహీనమైన పురుగులు చచ్చి మొండివి మిగులుతాయనీ, తర్వాత వాటికి ఏ మందూ పనిచెయ్యదనీ డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో.

మర్నాడు పొద్దున్న మందుల వేళకి, ఆ మట్టి అంటిన గొట్టాలు అరచేతిలో పెట్టుకుని ఆయన ముందుకు చాపాను. "ఇదేటి మావయ్యా?" అన్నాను. అంతకుముందు ఆయనతో నేను మాట్లాడి ఎరగను.

అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. ఆయన నా చేతి వంక చూసి, "కడుపులో మంటెట్టేస్తందమ్మా. దగ్గు తగ్గిపోనాది గదా, ఇంకెందుకు" అన్నారు.

"తగ్గలేదు, దాక్కున్నాది. మళ్ళీ లేస్తే మందుకి లొంగదు. గుంట ఇంకా ఈ ఇంట్లోనే పెరగాలి." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నా వంతు మాత్రలు కూడా తీసి ఆయన స్టూలు పక్కన పెట్టేశాను. "మీరు వేసుకోకపోతే నేనూ వేసుకోను. ఇద్దరం ఒకేలాగ పోదాం."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ మొకం చూడలేకపోతన్నానమ్మా. రోజూ నువ్వు ఎదర కూకుని ఆ మందు మింగుతుంటే, ఇది నేనెట్టిన విషమే గదా అనిపిస్తంది. నేను బాగుపడి ఏటి చేస్తాను?"

ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తు లేదు. పాప ఏడిస్తే మీరే కదా ఎత్తుకునేవారు, ఇప్పుడు ఎవరెత్తుకుంటారు అన్నానని అత్తగారు తర్వాత చెప్పేవారు. ఆయన మాత్రలు తీసుకుని, ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, ప్రతిసారీ నోరు తెరిచి నాకు చూపించారు, చిన్నపిల్లాడిలాగ. తర్వాత నావి నా చేతికిచ్చారు.

ఆ రోజే మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన తిట్టలేదు. మళ్ళీ పరీక్షలు చేయించి, ఇంకా మందుకి లొంగే దశలోనే ఉందని చెప్పి, కడుపుమంటకి వేరే మాత్ర రాసి, మావయ్యగారికి కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టారు. నాది ఆరు నెలలకి పూర్తయింది, ఆయనది వానలు వెళ్ళేదాకా సాగింది. నా మందులు అయిపోయాక కూడా ప్రతి పొద్దున్నా నా టీ గ్లాసు పట్టుకుని ఆ పీట మీద కూర్చునేదాన్ని, ఆయన ఒక్కరే మింగాల్సి రాకూడదని. అప్పుడే ఆయన మాటలు మొదలయ్యాయి. పెళ్ళికాక ముందు ముగ్గురు స్నేహితులతో రైలెక్కి దుర్గ్‌లో దిగిన సంగతి, ఇక్కడ బట్టీలింకా కట్టకముందు గుడారాల్లో పడుకున్న సంగతి, పెళ్ళయ్యాక మొదటి జీతంతో అత్తగారికి కొన్న చీర ఆవిడకి నచ్చని సంగతి. అత్తగారు లోపల్నుంచి, "ఆ చీర ఎవులికి నచ్చుద్ది" అని అరిచేవారు.

దసరా ముందు ఆఖరి పరీక్షలో పురుగు లేదని వచ్చింది. ఆ సాయంత్రం ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, చేతులు చాపి పాపని అడిగారు. దానికి అప్పటికి ఏడాది దాటింది, ఆయన్ని మర్చిపోయింది, ఎత్తుకోగానే ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆయన దాన్ని దింపలేదు. ఏడుపు మధ్యలో దానికి మీసం కనబడింది, రెండు చేతులతో పట్టుకుని పీకింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా అలాగే నవ్వుతూ నిలబడ్డారు. మా పాపకి జబ్బు రాలేదు. మావయ్యగారు ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికారు.

ఇప్పుడు కాలం ఎంతో మారింది. నోటికి గుడ్డ కట్టుకోవడం ఈమధ్య ప్రపంచమంతా నేర్చుకుంది, మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే మనుషులున్నారు, మా చుట్టుపక్కల కొత్త ఫ్లాట్లకి వరండాలు లేవు గానీ ఏసీలున్నాయి. దీదీ వాళ్ళు రిటైరయ్యాక కోహ్కాలో ఇల్లు కట్టుకున్నారు, పండగలకి కలుస్తాం. పాప తర్వాత పుట్టిన మా అబ్బాయికి పెళ్ళయింది, మా కోడలు మా ఆయన్ని హిందీలో పాపా, అంటే నాన్నా, అని పిలిచి, పక్కన కూర్చుని క్రికెట్ చూస్తూ ఆటగాళ్ళని ఆయనతో పోటీపడి తిడుతుంది. ఆ గోల వంటింట్లోంచి వింటూంటే నాకు సంతోషంగానే ఉంటుంది. ఒక్కోసారి మాత్రం, ఒకే ఇంట్లో ఉండి కూడా మావయ్యగారితో మాట్లాడకుండా గడిపేసిన ఆ మొదటి నాలుగేళ్ళు తలపుకొస్తాయి. దుర్గ్ స్టేషన్లో దిగిన ఆ ముగ్గురు స్నేహితులూ చివరికి ఏమయ్యారో నేను అడగనే లేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు.