చలి దేశపు ద్రాక్ష

హోటల్లో వైన్ చూసుకునే శ్రీలంక ఆయన, తండ్రికి బాగాలేదని సెలవు పెట్టి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయన పని నా మీద పడింది. అప్పటికి నేను దోహాలో అదే హోటల్ రెస్టారెంటులో వడ్డించే ఉద్యోగంలో ఉన్నాను. "నీ ముక్కు మంచిది, నువ్వు నేర్చుకో" అన్నాడు మేనేజరు. ఒకసారి వంటింట్లో గ్యాస్ లీకైతే అందరికంటే ముందు నేనే పసిగట్టాను. దాన్ని మనసులో పెట్టుకుని అన్న మాట అది.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా వైపు ద్రాక్ష పండదు. ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి అట్టపెట్టెల్లో వచ్చేది, చితికిపోయినవి మాత్రమే మాకు అందేవి. వైన్ అంటే చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చిన్న గ్లాసులో ఇచ్చే ద్రాక్షారసమే నాకు తెలుసు. అది కూడా ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, వడగట్టిన రసం. మత్తన్నది అందులో ఉండదు.

రంజాన్ అయిపోగానే జర్మనీ వైన్ల వారం జరపాలని హోటల్ వాళ్ళు నిర్ణయించారు. ఆ నెలంతా మా బార్‌కి తాళం. నన్ను ఇఫ్తార్ భోజనాల వైపు వేశారు. పగలు పని ఉండేది కాదు. నజ్మా పేటలో నేనుండే గదిలో బీరువా తలుపు మీద జర్మనీ పటం అంటించుకుని దాని ముందు కూర్చునేదాన్ని. కింద మనీ ఎక్స్ఛేంజ్ ముందు జనం, పక్క మెస్‌లోంచి పోపు వాసన, కిటికీ ఏసీ మోత. పటంలో మాత్రం నదులు, వాటి ఒడ్డున నిటారు కొండలు.

చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. ద్రాక్షకి ఎండ ఎంత ఉంటే అంత మంచిదనుకున్నాను. కాదట. ఎండ మరీ ఎక్కువైతే తీపి పెరిగి పులుపు చచ్చిపోతుందట. చలి దేశంలో కాయ నెమ్మదిగా పండుతుంది కాబట్టి పులుపు నిలుస్తుంది. మోజెల్ నది పాములా మెలికలు తిరుగుతూ పోతుంటే, రెండు పక్కలా పలకరాయి నిండిన వాలు మీద తీగలు పెంచుతారు. పగటి ఎండని ఆ రాళ్ళు దాచుకుని చీకటి పడ్డాక తీగలకిస్తాయి. దానికి దక్షిణంగా ఫాల్ట్స్ ప్రాంతం కాస్త వెచ్చన. ఇంకా కిందికి, బాడెన్‌లో ఎర్ర వైన్ కూడా బాగా వస్తుంది. ఫ్రాంకెన్ వాళ్ళ సీసా పొట్టిగా, బల్లపరుపుగా ఉంటుంది. నేను చూడని ఊళ్ళ పేర్లు నోట్లో తిప్పుకుంటూ గదిలో అటూ ఇటూ నడిచేదాన్ని. ఎందుకో ఒకచోట కూర్చోబుద్ధయ్యేది కాదు. నా పక్క మంచం అమ్మాయి కూర్చోమని విసుక్కునేది: "క్యా హోగయా తుమ్‌కో, బైఠో నా!"

రంజాన్ ముగిశాక, మోజెల్‌లో పండే తెల్ల ద్రాక్షతో చేసే రీస్లింగ్ వైన్ మొదటిసారి రుచి చూశాను. నోట్లో తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. పచ్చిమామిడి కొరికినట్టు దవడలు జివ్వుమన్నాయి. పులుపంటే ప్రాణం పెట్టే గోదావరి మనిషిని. ఆ పులుపు నన్ను పట్టేసుకుంది.

మా అన్నయ్య దోహాకి కాస్త దూరంలో అల్ ఖోర్‌లో ఉంటాడు. గ్యాస్ ప్లాంటులో టెక్నీషియన్. వదిన, ఇద్దరు పిల్లలు. శుక్రవారం ఆరాధన అయ్యాక వాళ్ళింట్లో భోంచేయడం నాకు అలవాటు. ప్రభువు బల్లకి రసం కాచే వంతు మా వదినది. నేను సాయం చేసేదాన్ని. ఒక శుక్రవారం వంటింట్లోకి వెళ్ళి గిన్నె అందుకోబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. సంఘంలో ఆడవాళ్ళు అనుకుంటున్నారు. పొద్దస్తమానం ఆ సీసాలు పట్టుకునే చెయ్యి దీన్ని ముట్టుకోవడం బాగోదంట."

"నువ్వేమన్నావు వదినా?"

ఆవిడ గిన్నె వైపు చూస్తూ, "నేనేమంటానే, మీ అన్నయ్య కమిటీలో ఉన్నారు కదా" అంది.

భోజనాల దగ్గర అన్నయ్యే మొదలుపెట్టాడు. "రిసెప్షన్లో చేస్తున్నావని చెప్పాను అందరికీ. నువ్వేమో ఆ డ్యూటీ గురించి ఎవరు అడిగితే వాళ్ళకి చెప్పేస్తున్నావంట."

"అబద్ధం ఎందుకు చెప్పమంటావు అన్నయ్యా?"

"చెప్పమనలేదు. మానెయ్యమంటున్నాను."

నేను మానలేదు. శుక్రవారం వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుని వచ్చేసేదాన్ని. ఆరాధన జరుగుతున్నంతసేపూ లేచి వెళ్ళిపోవాలనిపించేది. బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు.

వైన్ల వారానికి మోజెల్ నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. సొంత తోట, వైన్ కూడా తనే తయారుచేస్తుంది. వంకర తిరిగిన వేళ్ళు, నిమిషం కుదురుండని మనిషి. విందుకి ముందు మధ్యాహ్నం సీసాలన్నీ తెరిచి చూస్తున్నాం. చాలా ఏళ్ళనాటి రీస్లింగ్ ఒకటి వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేశాను.

"మేడమ్, ఇది పాడైంది. కిరసనాయిలు కంపు కొడుతోంది."

ఆవిడ గ్లాసు తీసుకుని ముక్కు పెట్టి, పడీ పడీ నవ్వింది. "పాడవలేదు. వయసైన రీస్లింగ్‌కి ఆ వాసన రావాలి. మా ఊళ్ళో దీనికోసమే ఏళ్ళ తరబడి దాచుకుంటారు."

సిగ్గు పడ్డాను. కానీ ఆవిడకి నా మీద గురి కుదిరినట్టుంది. చిన్న సీసా ఒకటి చూపించి, "ఇది ఐస్ వైన్. ఎలా వస్తుందో తెలుసా?" అంది. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షని కోసి, గడ్డగా ఉండగానే పిండుతారని పుస్తకంలో చదివింది అప్పజెప్పాను.

"గడ్డకట్టే చలి ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడమ్."

చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. చెఫ్‌ని అడిగి పెద్ద ఫ్రీజర్ గది తలుపు తీయించింది. తీపి వంటకాల కోసం గడ్డకట్టించిన ద్రాక్ష ఒక ట్రేలో ఉంది. పల్చటి యూనిఫామ్‌లో ఉన్నాను. లోపలికి అడుగు పెట్టగానే ముక్కులో తడి బిగుసుకుపోయింది. ఆవిడ ఒక పండు నా అరచేతిలో పెట్టింది. గోళీలా ఉంది.

"కొరక్కు. నొక్కుతూ ఉండు, నెమ్మదిగా."

వేళ్ళు మొద్దుబారుతున్నాయి. నొక్కుతూనే ఉన్నాను. చాలాసేపటికి ఒక చుక్క వచ్చింది, చిక్కగా, తేనెలా. నాలుక మీద వేసుకుంటే తీపీ పులుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నీరంతా పండులోనే మంచుగా మిగిలిపోయింది.

"అంతే, ఆ చుక్క కోసమే" అందావిడ. బయటికి వచ్చి చేతులు రుద్దుకుంటూ చెప్పింది. ప్రతి ఏడూ కొన్ని వరసలు కోయకుండా మంచు కోసం వదిలేస్తుందట. వలలు కప్పినా పిట్టలు తినేస్తాయి, కొంత కుళ్ళిపోతుంది. ఇంత చేసినా కావలసినంత చలి పడదు. చాలా ఏళ్ళుగా పడలేదు. శీతాకాలమంతా గంటగంటకీ లేచి థర్మామీటర్ చూస్తుందట.

"మరి ఎందుకు వదలడం మేడమ్?"

"వదలకపోతే నిద్ర పడుతుందేమోనని ఒక ఏడాది వదలకుండా చూశాను. అప్పుడూ పట్టలేదు."

వెళ్ళేముందు నన్ను కోతకి రమ్మంది. తోటలో పని నేర్పిస్తానంది, ఉండడానికి చోటిస్తానంది. నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. అన్నయ్య టీవీ ఆపేశాడు.

"అడగటానికి వచ్చావా, చెప్పటానికి వచ్చావా?"

"చెప్పటానికే అన్నయ్యా."

"అయితే చెప్పేశావుగా" అని లోపలికి వెళ్ళిపోయాడు. వారాల తరబడి మాట్లాడలేదు. మధ్యలో వదినే ఫోన్లు చేసేది, స్వెట్టర్ కొన్నావా, మందులు పెట్టుకున్నావా అంటూ. మొదటిసారి వీసా తిరస్కరించారు. రెండోసారి వచ్చింది. హోటల్లో జీతం లేని సెలవు ఇచ్చారు. బయల్దేరే రోజు కింద అన్నయ్య కారు నిలబడి ఉంది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు దించి, దాని చక్రం సరిగా తిరుగుతోందో లేదో చూసి వెళ్ళిపోయాడు.

అక్కడ నేను గొప్ప పనిమంతురాలినేం కాలేదు. చిన్నప్పటి నుంచి బల్లపరుపు నేల మీద పెరిగిన కాళ్ళు నావి. ఆ వాలు మీద పలకరాళ్ళు జారుతుంటే బుట్టతో సహా ఎన్నిసార్లు కూలబడ్డానో. పొగమంచు దిగితే కింద నది కనిపించేది కాదు, దాని చప్పుడు కూడా వినిపించేది కాదు. దోహాలో ఉన్నప్పుడు ఈ కొండలు తలుచుకున్నాను కదా, ఇక్కడికి వచ్చి నజ్మాలో టీ కోసం తల్లడిల్లాను. కోత అయిపోయింది. వల కప్పిన వరసలు అలాగే ఉన్నాయి. ఆవిడా నేనూ పొద్దున్నే లేచి ఆకాశం చూసేవాళ్ళం. చలి ఉంది, కానీ చాలినంత లేదు. నా సెలవు అయిపోయింది. ఆ వరసల్ని అలాగే వదిలి దోహా వచ్చేశాను.

వచ్చాక కూడా కుదురు లేదు. పని మాత్రం బాగానే చేస్తున్నాను. మోజెల్ వైన్ పోస్తుంటే ఇప్పుడు ఆ వాలు మీద పడి చీరుకుపోయిన మోకాళ్ళు కూడా గుర్తొస్తాయి. చర్చిలో రసం కాచడానికి నన్ను ఎవరూ పిలవలేదు, నేనూ అడగలేదు.

జనవరిలో ఒక శుక్రవారం ఉదయం అన్నయ్య, వదిన, పిల్లలతో కార్లో ఆరాధనకి వెళ్తున్నాం. మోజెల్ ఆవిడ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఇంకా చీకటి. నెత్తిన దీపాలు కట్టుకుని మనుషులు వాలు మీద వంగి ఉన్నారు. ఆవిడ నోట్లోంచి ఆవిరి వస్తోంది. "వచ్చింది! విను!" అంటూ ఫోన్ బకెట్ దగ్గర పెట్టింది. పండ్లు గులకరాళ్ళలా టకటకా పడుతున్నాయి. వద్దనుకుంటుండగానే ఏడుపొచ్చేసింది.

అన్నయ్య అద్దంలో నన్ను చూసి కారు పక్కకి ఆపాడు. "ఏంటే, ఏమైంది?" అన్నాడు. ఫోన్ అతని చేతికిచ్చాను. కాల్ తెగిపోయే దాకా చూస్తూనే ఉన్నాడు.

"ఇంత చలిలో ఎవరు కోస్తారే?"

"నేనుంటే కోసేదాన్ని అన్నయ్యా."

"మళ్ళీ వెళ్తావా?"

"తెలీదు."

"తెలీదంటే వెళ్తాననే" అన్నాడు. వదిన వెనక్కి తిరిగి నవ్వింది. ఫోన్ నా ఒళ్ళో పెట్టి, "నీ దగ్గరున్న స్వెట్టర్ పల్చగా ఉంది. ఈసారి మందంది కొనుక్కో" అని అన్నయ్య కారు తీశాడు.