కుక్కల షెడ్డు మూయించినాయన

పాకాల స్టేషన్‌లో బెంచీ మీద నా పక్కన యాభై ఏళ్ల మనిషి ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో సంచి నిండా హోటల్లో మిగిలిపోయిన ఇడ్లీలు.

"ఇన్ని ఎవరికి నాయనా?"

"కుక్కలకు పెద్దమ్మా."

"మనిషికే కూడు కరువైన కాలంలో కుక్కలకు ఇడ్లీలా? చట్నీ మరిచినావే!" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. వాళ్ల ఊరి బయట ఒకామె దెబ్బతిన్న వీధికుక్కల్ని తెచ్చి షెడ్డులో సాకేదట. ఆ అరుపులకు నిద్ర లేదని ఊరందరి చేతా సంతకాలు పెట్టించి, అర్జీ ఇచ్చి దాన్ని మూయించింది ఈయనే. ఆమె ఊరు విడిచి పోయింది. గేటు తీయగానే కుక్కలన్నీ నేరుగా ఈయన వాకిట్లోకి వచ్చి పడుకున్నాయట.

"నీ ఇంటికే ఎందుకు వచ్చినాయి?"

"దినామూ ఆ గేటుకాడ నిలబడి తిట్టేవాణ్ణి గదా. నా గొంతు గుర్తుపట్టినాయి. మూడుకాళ్లది ఒకటి గడప మీదే పండుకుంటాది."

మొదట తరిమాడట. తరువాత తరమలేకపోయాడట. ఇప్పుడు ఊరివాళ్లు, కుక్కల్నైనా వదులు, ఊరైనా వదులు అంటున్నారు. ఆ షెడ్డు తనకిమ్మని చిత్తూరు ఆఫీసులో అడిగితే, వద్దని రాసిచ్చింది నువ్వే కదా అన్నారట.

"నేను అప్పుడు చేసింది తప్పా, ఇప్పుడు చేస్తాండేది తప్పా? నువ్వన్నా చెప్పు పెద్దమ్మా."

ఇంట్లోనైతే ఎవరూ అడగకపోయినా తీర్పు చెప్పేదాన్ని. ఆయన్ని తిట్టాలో, జాలిపడాలో తెలియలేదు. అంతలో ఆయన బండి వచ్చింది.

ఇప్పటికీ మా వాకిట్లోకి కుక్క వస్తే కర్ర తీస్తాను. నోరు మాత్రం తెరవను.